ఏడవ పేపరు

గుంటూరు నుండి వచ్చి ఢిల్లీ విశ్వవిద్యాలయమున చరిత్ర ఆనర్సు చదువుచున్న యొక బాలిక తత్త్వశాస్త్రమును మైనరుగా నెంచుకొన్నదనుకొందము. 2022లో విశ్వవిద్యాలయము ఆమోదించిన పాఠ్యప్రణాళిక ననుసరించి ఆమె ఆ శాస్త్రమున 7 జెనెరిక్ ఎలెక్టివ్ పేపర్లు చదివి, పేపరునకు 4 చొప్పున 28 క్రెడిట్లు సంపాదింపవలెను. ఆరు పేపర్లు గట్టెక్కి, సెమిస్టరు తొలివారమున నోటీసుబోర్డు నెదుట నిలిచి పైనుండి క్రిందికి వ్రేలితో వెదకిన ఆమెకు, బోధించువారు లేరనియో, చేరినవారు చాలరనియో ఏడవ పేపరు జాబితాలో కానరాకున్నచో, పట్టాపై మైనరు అను మాటయే యుండదు.

పాఠ్యక్రమమున కామోదము లభించు మార్గము సుదీర్ఘమైనది. విభాగమున పాఠ్యక్రమ సమితి సిద్ధపరచిన ముసాయిదా ఫ్యాకల్టీని, స్థాయీసంఘమును దాటి అకడమిక్ కౌన్సిలునకును, పిదప ఎగ్జిక్యూటివ్ కౌన్సిలునకును చేరును. పెద్దలు ఇన్ని గడపలు వృథాగా నిలుపలేదు. విషయపు లోతును ఒకరు, పొరుగు శాస్త్రములతోడి పొత్తును ఒకరు, విశ్వవిద్యాలయ సమగ్ర హితమును మరియొకరు చూడవలెనని నిలిపిరి. క్రెడిట్లెన్ని యనుట సులభముగా తేలు లెక్క. 2022 డిసెంబరునాటి యూజీసీ చట్రము మైనరునకు మూడేండ్ల డిగ్రీలో 24, నాలుగేండ్ల డిగ్రీలో 32 క్రెడిట్లు విధించినది. ప్రతి గడపయందును గట్టిగా అడుగవలసిన ప్రశ్న వేరు: ఈ పాఠ్యక్రమమును బోధించువారెవరు, ఎన్నేండ్లు బోధింతురు?

తొందరపాటు ఫలమును ఢిల్లీ చవిచూచియే యున్నది. 2012 డిసెంబరున అకడమిక్ కౌన్సిలు ఆమోదింపగా 2013లో మొదలైన నాలుగేండ్ల డిగ్రీ, యూజీసీ ఆదేశముతో 2014 జూన్‌లో రద్దయినది; 2013లో చేరిన విద్యార్థులు నడిదారిలో మూడేండ్ల చదువునకు మరలవలసివచ్చెను.

కావున నా విన్నపము స్పష్టము. ముసాయిదాతోపాటు ప్రతి పేపరు నెదుట స్థిరనియామకము గల అధ్యాపకుల సంఖ్యను, గ్రంథాలయమున నున్న పుస్తకములను వ్రాసి చూపవలెను. సభ్యులకు కాగితములు చదువుటకు వ్యవధి యుండునట్లు ముందుగా నందింపవలెను. భిన్నాభిప్రాయమును మినిట్సునందు యథాతథముగా నెక్కింపవలెను. ఒక బ్యాచికి తెరచిన మైనరును, తరగతిలో ముగ్గురే మిగిలినను, ఆ బ్యాచి ముగియువరకు మూయరాదు.

ఈ విశ్వవిద్యాలయపు ఆధునిక భారతీయ భాషల విభాగమున తెలుగు బోధన కలదు. తిరుమల తిరుపతి దేవస్థానములు 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాలయు దీనిదే. రేపు ఇచట తెలుగు మైనరునకు ప్రతిపాదన వచ్చిన నాకన్న సంతోషించువారుండరు. అయినను మొదట నేనడుగునది ఏడవ పేపరు చెప్పు గురువు పేరే. ఆ పేరుండవలసిన గడి ఖాళీగా నున్నచో, మన భాషయే కదాయని మొగమాటపడక, ఆ గడి నిండువరకు ఆమోదము నాపవలెను.