గింజల పురుగులు – పెరటి మందులు

పండించిన గింజను కాపాడుకొనుట పండించుటకంటె తక్కువ పని కాదు. కంది, పెసర, అలసంద మున్నగు వానిని పుచ్చుపురుగును, బియ్యమును ముక్కుపురుగును, పిండిని ఎఱ్ఱ పెంకుపురుగును పాడుచేయుచుండుట గృహిణులెల్లరు నెఱిగినదే. ఈ మూడును పెంకుపురుగుల జాతిలోనివే.

వీనిని చంపుటకై కొందఱు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను తెచ్చి యింటి బియ్యపు బస్తాలలో నుంచుచున్నారు. గాలిలోని తేమ తగిలినంతనే ఆ బిళ్లనుండి ఫాస్ఫీను అను విషవాయువు పుట్టును. అది పురుగునకును పసిబిడ్డకును భేదమెఱుగదు. దానికి ప్రత్యేకమైన విరుగుడు నేటికిని లేదు. గిడ్డంగులలో నిపుణుల పర్యవేక్షణమున మాత్రమే వాడదగిన వస్తువును మనుష్యులు నిద్రించు గదిలో నుంచుట యెంతమాత్రమును తగదని మా దృఢాభిప్రాయము.

అట్లయినచో గృహస్థు చేయవలసినదేమి? మన పెద్దలు కందులను బాగుగా నెండబెట్టి, ఆముదము పట్టించి, కుండలలో పోసి, నీడనారిన వేపాకును నడుమ నడుమ వేసి దాచుచుండిరి. దీనిని వట్టి మూఢాచారమని నవ్వువారు పురుగు జీవితమును పరిశీలింపనివారు. పుచ్చుపురుగు తన గ్రుడ్లను గింజపై భాగముననే అంటించును. గ్రుడ్డులోని పిల్ల గింజను తొలిచి లోపల ప్రవేశించి, అందే పెరిగి, పెద్దదై గుండ్రని రంధ్రము చేసికొని వెలువడును. వేసవిలో నీ కార్యమంతయు సుమారొక నెలలో ముగియును. కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల నూనె, అనగా ఒక చిన్న చెంచాడు, సమముగా పట్టించినచో ఆ పలుచని పొర గ్రుడ్డునకు గాలి నందనీయదు. పిల్ల గింజలో చొరకమునుపే నశించును.

వేపయందును గుణము కలదు. 1968వ సంవత్సరమున ఇంగ్లండులో బటర్‌వర్తు, మోర్గను అను శాస్త్రజ్ఞులు వేపగింజలనుండి అజాడిరాక్టిను అను పదార్థమును వేరుచేసిరి. ఇది పురుగునకు ఆహారముపై విముఖత కలిగించును. కుబుసము విడుచుటకు ఆటంకము చేయును. ఎండలో నిది చెడిపోవును గనుక ఆకును నీడనే ఆరబెట్టవలెను. ఆకుకంటె గింజలో నిది యెక్కువ.

అయినను చెట్టునుండి వచ్చినదెల్లయు నిరపాయమనుకొనుట మఱియొక పొరపాటు. వసకొమ్ము పొడి పురుగులను వారించుట నిజమే. కాని అందలి అసరోను అను పదార్థము ఎలుకలకు కంతులు కలిగించినట్లు పరీక్షలలో తేలినది. అమెరికాలో 1968వ సంవత్సరముననే వసను ఆహారమునందు నిషేధించిరి. కావున దానిని విత్తనములకే గాని తిను గింజలకు వాడరాదు. వేపనూనెయు చేదు, పసిబిడ్డలు మ్రింగినచో అపాయకరము. దానినిగూడ విత్తనములకే వాడుట మేలు.

బియ్యపు ముక్కుపురుగు విషయమున వేపాకుపై మిక్కిలి ఆశ పెట్టుకొనరాదు. అది గింజను తొలిచి, లోపల గ్రుడ్డుంచి, రంధ్రమును మూసివేయును. పైనున్న ఆకు లోపలి పిల్ల నేమి చేయగలదు? అచ్చట బియ్యమును బాగుగా ఆరబెట్టుట, డబ్బాను కడిగి యెండబెట్టి మూత బిగించుట, పాతబియ్యముపై క్రొత్తది పోయకుండుట, కొంచెము కొంచెముగా కొనుట – ఇవియే ప్రధానౌషధములు. ఆకు వీనికి తోడు మాత్రమే.

విద్యార్థులారా, పెద్దల మాటను పరీక్షింపక త్రోసివేయకుడు, పరీక్షింపక నమ్మకుడు. మూడు సీసాలలో సమానముగా పెసలు పోయుడు. ఒకదానిలోని గింజలకు ఆముదము పట్టించుడు, రెండవదానిలో వేపాకు వేయుడు, మూడవదానిని ఊరకయుంచుడు. ఒక్కొక్కదానిలో అయిదు జతల పుచ్చుపురుగులను విడిచి, మూతికి పలుచని గుడ్డ కట్టుడు. నలువది దినములైన పిమ్మట రంధ్రములున్న గింజలను లెక్కించి వ్రాసికొనుడు. ఆ లెక్కను మీ తల్లులకు చూపినచో విషపు బిళ్ల యిల్లు చేరకుండుటకు మా యుపన్యాసముకంటె నదియే యెక్కువ పనిచేయును.