పురి తిప్పితే ఎగిరే పాఠం

1871 ఆగస్టులో ఆల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు పారిస్‌లోని త్వీలరీ తోటలో ఒక చిన్న విమానం బొమ్మను ఎగరేశాడు. దానికి ఇంజను లేదు. మెలితిప్పిన రబ్బరే దాని శక్తి. పదకొండు సెకన్లలో దాదాపు నలభై మీటర్లు వెళ్ళింది. 1878లో రైట్ సోదరులకు వాళ్ళ నాన్న తెచ్చిచ్చిన ఎగిరే బొమ్మ కూడా పెనో పద్ధతిలో చేసిందే. మనిషిని మోసే విమానం రావడానికి ముప్పై ఏళ్ళ ముందే రబ్బరు విమానం ఎగిరిందన్న మాట. మన తరగతి గదుల్లో మాత్రం జెట్ ఇంజను పటం బోర్డు మీద గీస్తాం, రబ్బరు ఊసే ఎత్తం.

బాల్సా కర్రతో, పల్చటి టిష్యూ కాగితంతో ఇలాంటి విమానాలు చేసే పనికి నేను తిరిగొచ్చి రెండేళ్ళయింది. మధ్యలో పాతికేళ్ళు గడిచాయి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ కూడా నేర్పేవారు, అక్కడ పట్టుబడిన విద్య ఇది. తర్వాత బీఈడీ, ఉద్యోగం, పిల్లలు. మళ్ళీ బ్లేడు పట్టేసరికి చత్వారం వచ్చేసింది, కళ్ళజోడు లేకుండా పుల్ల అంచు కనబడదు. చేతులకు మాత్రం పని గుర్తుంది. అప్పట్లో జిగురు ఆరే రాత్రి చాలా పొడుగ్గా ఉండేది. ఇప్పుడు ఆ రాత్రి పరీక్ష పేపర్లు దిద్దుకుంటాను. అయితే ఇంట్లో నా సరదా సంగతి అటుంచి, ఈ విమానాలను బడికి తీసుకెళ్ళాక పిల్లల నోట విన్న మాటల గురించి రాయాలనిపించింది.

బాల్సా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. అది దక్షిణ అమెరికా చెట్టు, ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. స్పానిష్‌లో బాల్సా అంటే తెప్ప. 1947లో థోర్ హెయెర్‌డాల్ పెరూ నుంచి పసిఫిక్ మీదుగా పాలినీషియా దాకా వెళ్ళిన కోన్-టికి తెప్ప ఈ దుంగలతో కట్టిందే. గాలిమరల రెక్కల లోపల కూడా ఈ కర్ర వాడతారు. ఒక ఘన సెంటీమీటరు సుమారు 0.16 గ్రాములు తూగుతుంది. ఆ ఒక్క అంకె ఇచ్చి, 90 సెంటీమీటర్ల పొడవు, 7.5 సెంటీమీటర్ల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక బరువెంతో కట్టమన్నాను. పదహారు గ్రాముల చిల్లర వచ్చింది. అదే కొలతల టేకు పలకైతే అరవై దాటుతుంది. ఇద్దరు పిల్లలు ఊరుకోక పలకను నగల కొట్టుకు తీసుకెళ్ళి తూయించుకొచ్చారు. పద్నాలుగే ఉంది! లెక్క తప్పా, త్రాసు తప్పా అని ఆ పీరియడంతా వాదులాడుకున్నారు. రెండూ తప్పు కాదు. చెట్టును బట్టి, చెట్టులోని భాగాన్ని బట్టి బాల్సా బరువు మారుతుంది. 'సగటు' అన్న మాట వాళ్ళకు నిజంగా అవసరపడింది ఆ రోజే.

ఇక కట్టడం. ప్లాను కాగితాన్ని చెక్క మీద పరిచి, పైన నూనె కాగితం వేసి, పుల్లలను గుండుసూదుల మధ్య నిలబెట్టి అతికించాలి. రెక్కకు పక్కటెముకల్లాంటి సన్నటి బద్దలు, వాటి మీద టిష్యూ కాగితం. అతికించిన కాగితం మొదట ముడతలుగా వేలాడుతుంది. దాని మీద నీళ్ళు తుంపరగా చల్లి, రెక్క వంకరపోకుండా సూదులతో అదిమిపెట్టి ఆరనివ్వాలి. ఆరేకొద్దీ ముడతలు పోయి డోలు చర్మంలా బిగుసుకుంటుంది. వేలితో మీటితే మోగుతుంది కూడా. ఎన్నిసార్లు చేసినా ఆ చప్పుడు వినడం నాకు ఇష్టం.

ఎగరేసే ముందు తూకం చూడాలి. రెక్క కింద, ముందంచు నుంచి మూడో వంతు దూరంలో, రెండు పక్కలా వేలికొనలు ఆనించి ఎత్తితే విమానం అటూ ఇటూ వాలకుండా నిలవాలి. తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాల్లో దీని పేరు గరిమనాభి. పిల్లలు ఆ మాట తప్పు లేకుండా రాస్తారు, అర్థం అడిగితే నేల చూపులు చూస్తారు. వేళ్ళ మీద విమానం నిలిచినప్పుడు వెనక బెంచీ పిల్లవాడు, "కావడి భుజం మీద నిలిచే చోటు సార్ ఇది" అన్నాడు. మా హోసూరు వైపు తైపూసానికి కావళ్ళు ఎత్తే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ కుర్రాడికి గరిమనాభి ఏడేళ్ళప్పుడే తెలుసు. దాని పేరే తెలియదు.

ముక్కు బరువైతే విమానం నేలను గుచ్చుకుంటుంది. తోక బరువైతే తల పైకెత్తి, ఒక్క క్షణం గాలిలో ఆగి, దభీమని పడుతుంది. పైలట్లు దీన్ని స్టాల్ అంటారు. నేను ఆ మాట చెప్పేలోపే ఒక అమ్మాయి, "తలెత్తి చతికిలబడింది సార్" అంది. అంతకంటే మంచి మాట నాకు తట్టలేదు. అప్పటినుంచి మా బడిలో స్టాల్ అంటే చతికిల. ముక్కుకు చిటికెడు బంకమట్టి అంటించి మళ్ళీ వదులుతాం. ఈసారి కొంచెం దూరం పోతుంది. ఇంకో చిటికెడు.

పురి సంగతి మరీ బాగుంది. రబ్బరుకు ఆముదం రాసి, పంకాను వేలితో నూట యాభై చుట్లు తిప్పితే రబ్బరు మీద ముళ్ళ వరస లేస్తుంది. "పురి ఎక్కువైతే తెగిపోతాది సార్" అని ఒకడు హెచ్చరించాడు. వాళ్ళ తాత నులక పేనేవాడట. పక్కనున్న తమిళ మాధ్యమం పిల్లవాడు తమిళంలోనూ 'పురి' అనే అంటారన్నాడు. ఇంట్లో కన్నడం మాట్లాడే అమ్మాయి తమది 'హురి' అంది. తెలుగు, తమిళం పకారం కన్నడంలో చాలాచోట్ల హకారం అవుతుందని నేను చెప్పింది అంతే. పాలు హాలు, పులి హులి అంటూ మిగతావి వాళ్ళే లాక్కొచ్చారు. స్థితిజ శక్తి గతిజ శక్తిగా మారడమనే పాఠం పురి ఎక్కడం, పురి విడవడంగా పది నిమిషాల్లో అయిపోయింది. పాఠ్యపుస్తకం మాటలు పక్కన పెట్టమని నేననను, పరీక్షలో రాయాల్సింది వాటినే. కానీ పురి తెలిసిన పిల్లకు స్థితిజ శక్తి ఎక్కుతుంది. ఉత్త స్థితిజ శక్తి బట్టీ కొట్టిన పిల్లకు ఆ మాట పరీక్ష దాకానే నిలుస్తుంది.

రాష్ట్రం బయట తెలుగు బడుల్లో పనిచేసేవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. మా దగ్గర 2006 చట్టం తర్వాత పిల్లలు తమిళం తప్పనిసరిగా చదువుతున్నారు. చదవాలి కూడా, ఉంటున్న నేల భాష రాకపోతే ఎలా? ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి. మరి తెలుగు దేనికి అని తల్లిదండ్రులు అడిగితే మనం పద్యాలు, పండుగలు, సంస్కృతి అని జవాబు చెబుతున్నాం. ఆ జవాబు చాలదు. చేతిలో ఉన్న వస్తువు ఎందుకు పడిందో, ఎలా సరిచేయాలో వాదించుకోవడానికి పనికొచ్చే భాష అని చూపించగలగాలి. సైన్సు పీరియడులో తెలుగు వట్టి పరీక్ష పేపరు భాష అయిపోతే, పదో తరగతి తర్వాత దాన్ని మోసుకెళ్ళాల్సిన అవసరం ఏ పిల్లకూ కనబడదు.

ప్రయోగశాలలు రానివ్వండి, అప్పుడు చూద్దాం అనే మిత్రులున్నారు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. త్రీడీ ప్రింటర్లు, రోబోటిక్స్ సామాను వస్తాయి. మంచిదే. వాటికి కావలసినంత స్థలం, పిల్లల సంఖ్య మన చిన్న బడుల్లో ఎన్నింటికి ఉంటాయి? నేను చూసిన కిట్లలో సూచనలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఒక బడిలో డ్రోనును పాడవుతుందన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేశారు. వాళ్ళను తప్పుపట్టను, పాడైతే సంజాయిషీ ఇవ్వాల్సింది వాళ్ళే. పైగా డ్రోను తన తూకం తానే సరిచూసుకుంటుంది. సెన్సార్లు, లోపలి ప్రోగ్రాము క్షణంలో ఎన్నోసార్లు సర్దుతుంటాయి. పిల్లలకు ఎగరడం కనిపిస్తుంది, సర్దుబాటు కనిపించదు. రబ్బరు విమానం ఏదీ దాచదు. రెక్క ఒక పక్క వంకరగా ఉంటే ఆ పక్కకే తిరిగి పడి చూపిస్తుంది.

బ్లేడుతో ప్రమాదం కదా అని అడుగుతారు. నిజమే, కోసే పని అయిదారుగురి చొప్పున నా ఎదుటే జరుగుతుంది. సిలబస్ పూర్తికాదంటారు. వారానికి ఒక్క పీరియడు నాకు సరిపోయింది. విమానం పూర్తవడానికి ఆరు వారాలు పట్టింది, కానివ్వండి.

అసలు అడ్డంకి బాల్సా ఖరీదు. తెప్పించుకోవడమూ కష్టమే. పెళ్ళి బాసికాలకు వాడే బెండు తేలికలో బాల్సాకు తీసిపోదు, కాకపోతే పెళుసు. తంజావూరు నెట్టి బొమ్మలు ఆ జాతి బెండుతో చేసేవే. బెండుకు వెన్నుగా సన్నటి వెదురు బద్ద వేస్తే మొదటి విమానానికి చాలు. పంకా రెక్కలు ప్లాస్టిక్ పెరుగు కప్పు గోడ నుంచి కోసుకోవచ్చు, కావలసిన వంపు దానికే ఉంటుంది. ఇరుసుకు క్లిప్పు తీగ, రాపిడి తగ్గడానికి ఒక పూస. గాలిపటాల కాగితం టిష్యూ కంటే కొంచెం బరువు, అయినా పని నడుస్తుంది. చేత్తో సైన్సు చేయడం గురించి అరవింద్ గుప్తా రాసిన పుస్తకాలు తెలుగులోనూ దొరుకుతున్నాయి, వాటితో మొదలుపెట్టినా సరే.

ఈ పేజీ చదివే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మా పిల్లలు ఒక నోటుబుక్కులో విమానం మాటలు రాసుకుంటున్నారు. పురి, చతికిల, బద్ద, బిగువు, తూకం, వాలు, ఇలా నలభై దాకా పోగయ్యాయి. షోలాపూర్ మగ్గాల ఇళ్ళల్లో నూలు పురికి ఇంకేం మాటలున్నాయో, యానాం రేవులో తెప్ప ఒరిగితే ఏమంటారో, బరంపురంలో, బళ్ళారిలో గాలిపటం తల కొట్టుకుంటే పిల్లలు ఏమని అరుస్తారో మాకు తెలియదు. రాసి పంపండి. నోటుబుక్కులో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి.