కసూర్ వైఫైదా, మనదా?

ల్యాప్‌టాప్‌లో నెట్ మాటిమాటికీ తెగిపోతోందంటే మన ఇళ్ళల్లో ఫైస్లా తయారుగా ఉంటుంది: "పిల్ల ఏదో నొక్కింది." నేనూ అంతే. ఆన్‌లైన్ క్లాసు మధ్యలో వైఫై పోతోందంటే మా అమ్మాయిది బహానా అన్నాను. రిపేరు దుకాణంలో అతను మూత కూడా తెరవకుండా "కార్డు మార్చాలి" అన్నాడు. తహఖీఖ్ లేకుండా ఇల్జాం వేయడం జుల్మ్ కాదా?

ముందు ఫోన్‌ని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి అదే వైఫైకి కలపండి. రెండిట్లోనూ పోతే కసూర్ రౌటర్‌ది, లేదా లైనుది. ల్యాప్‌టాప్‌లోనే పోతే, విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో వైఫై పేరు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్ళండి. అక్కడ పవర్ మేనేజ్‌మెంట్ ఉంటే, కరెంటు ఆదాకు పరికరాన్ని ఆపేయొచ్చన్న టిక్కు తీసేయండి. మా ఇంట్లో అసలు ముజ్రిం ఆ టిక్కే! ఖర్చు సున్నా. అదీ కాకపోతే డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

ఇక రౌటర్‌ని ఇనుప బీరువా వెనక దాచి సిగ్నల్ లేదంటే ఎలా జనాబ్? 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది గానీ పక్కిళ్ళ వైఫైలు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు దాటడమే కష్టం. రౌటర్ ఉన్న గదిలోనే చదివితే 5కి కలపండి.

బేటా ఆట ఆగితే అరగంటలో మెకానిక్‌ని పిలుస్తాం. బేటీ క్లాసు ఆగితే సబర్ బోధిస్తాం. "నెట్ రాదు, చదువు చాలు" అంటాం. ఇదేం ఇన్సాఫ్?

నేను మా బేటీని మాఫీ అడిగాను. మరి మీరు?