పాలు తాగినోళ్లే గొడ్డునూ మొయ్యాలి

2024 జనవరిలో అమెరికాలోని మయామి రేవు నుంచి 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే విహార నౌక తొలి యాత్రకు బయల్దేరింది. 20 అంతస్తులు, 365 మీటర్ల పొడవు. నిండితే 7,600 మంది యాత్రికులు, వాళ్లకి చాకిరి చెయ్యడానికి 2,350 మంది సిబ్బంది. 2025 ఆగస్టులో దానికి జోడీగా 'స్టార్ ఆఫ్ ది సీస్' వచ్చింది. పాత ఓడలు తీసేసి అంతకన్నా పెద్దవి దించడమే ప్రగతి అని కంపెనీలు అంటున్నాయి. కొత్తవి పొగ తక్కువ వదుల్తాయట, తలకి ఖర్చు తగ్గుతుందట. కాదు, పాత చిన్న ఓడలే హాయి అని షికారు మరిగినవాళ్లు వాదిస్తున్నారు. ఈ రెండు పక్షాల్లోనూ ఓడ ఎక్కేవాళ్లే ఉన్నారు. ఓడని కోసేవాళ్లు లేరు. అందుకే మేము మాట్లాడాల్సొస్తోంది.

ముసలి ఓడ ఎటు పోతుంది? చాలావాటికి ఆఖరి మజిలీ గుజరాత్‌లోని భావనగర్ జిల్లా అలంగ్ తీరం. 1983 నుంచి అక్కడ ఇదే పని. సముద్రం బాగా పోటెత్తినప్పుడు ఓడని ఇసుకలోకి ఎక్కిస్తారు. ఒడిశా, బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వలసొచ్చిన కూలీలు గ్యాస్ కట్టర్లతో ముక్కలు కోస్తారు. సుప్రీంకోర్టు చెప్పగా ఏర్పాటైన నిపుణుల కమిటీ 2006లో ఏం తేల్చింది? గనుల్లో ఏడాదికి వెయ్యి మందికి 0.34 మంది చనిపోతుంటే, ఓడలు విరగ్గొట్టే పనిలో వెయ్యికి ఇద్దరు పోతున్నారని. ఆస్బెస్టాస్ ముట్టుకున్న కార్మికుల్లో ఆరుగురిలో ఒకరి ఊపిరితిత్తులు చెడిన గుర్తులున్నాయని.

ఒక్క ఓడ చరిత్ర చాలు. 1960లో 'ఫ్రాన్స్' పేరుతో పుట్టి, ఆ దేశానికి గర్వకారణమై, తర్వాత 'నార్వే' అయింది. 2003 మేలో మయామి రేవులో దాని బాయిలర్ పేలింది. చనిపోయిన 8 మందీ సిబ్బందే. యాత్రికుడు ఒక్కడూ లేడు. బాయిలర్‌ని సరిగా చూసుకోలేదని దర్యాప్తులో తేలింది. కంపెనీ 2008లో కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈలోగా ఓడ 'బ్లూ లేడీ' అని పేరు మార్చుకుని 2006లో అలంగ్ చేరింది. కడుపులో 1,200 టన్నులకు పైగా ఆస్బెస్టాస్ ఉందని అంచనా. ఉద్యమకారులు వద్దని మొత్తుకున్నా 2007 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కొయ్యమంది. తిరిగినన్నాళ్లూ అడుగు అంతస్తులో ఉన్నవాణ్ణి చంపింది, చచ్చాక ఒడ్డున ఉన్నవాడి మీద పడింది.

అందుకే పాత ఓడల్ని అలాగే తిప్పమని మేము అనం. కానీ ముసలిదైందనే మాట చాలాసార్లు సాకు మాత్రమే. 1990లో నీళ్లమీదికొచ్చిన మూడు ఓడలు చూడండి. 'కార్నివాల్ ఫాంటసీ'ని కరోనా దెబ్బకి 2020లో టర్కీ పంపి కోయించారు. 'క్రౌన్ ప్రిన్సెస్' చేతులు మారి, 2019లో ముంబై నుంచి 'కర్ణిక'గా తిరిగి, కంపెనీ మూతపడగానే 2020లో అలంగ్ ఇసుకెక్కింది. మూడోది 'నార్డిక్ ఎంప్రెస్'. అది 2022 జూన్‌లో కార్డేలియా వాళ్ల 'ఎంప్రెస్'గా మన విశాఖ రేవుకే వచ్చింది. ముగ్గురిదీ ఒకటే ఈడు. ఓడ చావుని రాసేది వయసు కాదు, షావుకారి ఖాతా పుస్తకం.

ఇక కొత్త ఓడ పచ్చదనం సంగతి. 'ఐకాన్' ఎల్‌ఎన్‌జీతో నడుస్తుంది. మసి తక్కువే, నిజం. కానీ ఇంజన్‌లో కాలకుండా జారిపోయే మీథేన్ 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు భూమిని కాలుస్తుంది. పైగా ఇవాళ్టి పెద్ద ఓడే రేపటి పెద్ద శవం. 'ఫాంటసీ' 70 వేల టన్నుల ఓడ, 'ఐకాన్' రెండున్నర లక్షలకి దగ్గర. అది ముసలిదైన రోజు ఎవరి నెత్తిన వేస్తారు?

కూలీలకి పని దొరుకుతోంది కదా అంటారు. ఈ మాట మాకు కొత్త కాదు. ఊరి గొడ్డు చస్తే వాడకి కబురొచ్చేది. పాలు ఊరికి, కళేబరం వాడకి. అదేమని అడిగితే 'తోలు మీకే కదా' అనేవాళ్లు. అలంగ్ ఉన్న సౌరాష్ట్రలోనే ఊనాలో 2016 జులైలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. జవాబుగా దళితులు సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు కళేబరాలు పడేశారు. మీ గొడ్డు మీరే ఎత్తుకోండన్నారు. ఓడల యజమానులకీ మా మాట అదే.

2025 జూన్ 26 నుంచి హాంకాంగ్ ఒప్పందం అమల్లోకొచ్చింది. ప్రమాదకర సరుకుల జాబితా ఉండాలంది, మంచిదే. కానీ ఓడని ఇసుకలో కొయ్యడాన్ని అది ఆపలేదు. కాబట్టి మా డిమాండ్లు ఇవి. కొత్త ఓడకి ఆర్డరిచ్చే నాడే దాన్ని విప్పే ఖర్చు కంపెనీ పక్కన కట్టాలి. ఓడని అనుభవించిన కంపెనీ ఆఖరి రేకు ఊడేదాకా బాధ్యురాలు కావాలి. చివరి యాత్రకి పేరు మార్చి, జెండా మార్చి తప్పుకోవడం కుదరదు. కోత గట్టి నేల మీద, డ్రై డాకుల్లో జరగాలి. అలంగ్ కార్మికుడికి గుర్తింపు కార్డు, ఇల్లు, ఆస్పత్రి, రోగానికి నష్టపరిహారం ఇప్పుడే కావాలి.

ఇవి ఒప్పుకుంటే ముసలి ఓడని దించి కొత్తది తెచ్చుకోండి. ఒప్పుకోకపోతే ఒక్క కొత్త ఓడకి కూడా ఆర్డరిచ్చే హక్కు మీకు లేదు.