గడులు లేని కాగితం: ఖరిదా యువత ముందున్న కొత్త దరఖాస్తు

ఖరగ్‌పూర్‌లోని ఖరిదా వంటి పేటల్లో నివసించే తెలుగు కుటుంబాలకు ఉద్యోగ దరఖాస్తు అంటే చాలాకాలం పాటు అచ్చు ఫారమే. అందులో గడులు ముందే గీసి ఉంటాయి. వాటిని నింపేవారు తమ గురించి తాము ఏమి చెప్పుకోవాలో ఆలోచించనవసరం లేదు. ఇప్పుడు ఆ కుటుంబాల యువతకు గడులు లేని తెల్లకాగితం ఎదురవుతోంది. దాని పేరే రెజ్యూమె.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ నెలకొల్పిన వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాది మంది తరలివచ్చారు. 1927 నాటి కార్మికుల సమ్మెతో ఈ పట్టణం దేశం దృష్టిలో పడింది. ఆ రైల్వే కార్మికోద్యమానికి నాయకత్వం వహించిన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. కొన్ని కొలువులు వారసత్వంగానూ అందేవి. డ్రైవర్లు, గ్యాంగ్‌మన్‌లు ముందుగా విరమిస్తే వారి సంతానానికి ఉద్యోగమిచ్చే పథకం 2004లో వచ్చింది. అది సమానావకాశ సూత్రానికి విరుద్ధమని పంజాబ్-హర్యానా హైకోర్టు 2016లో అభిప్రాయపడింది. 2018లో రైల్వే బోర్డు దాన్ని రద్దు చేసింది.

మిగిలింది పోటీ పరీక్ష. అది తెలుగులోనూ రాసే వీలుంది. అయితే 2019 నాటి ఎన్‌టీపీసీ ప్రకటనలో సుమారు 35 వేల పోస్టులకు దాదాపు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఈ లెక్క తెలిశాక, ఖరగ్‌పూర్ పారిశ్రామిక వాడలోని టాటా హిటాచీ వంటి కర్మాగారాల వైపు, హైదరాబాద్ కంపెనీల వైపు చూడక తప్పదు. అక్కడ తొలి పరిచయం కాగితంతోనే.

సాధారణంగా కంప్యూటర్ సెంటర్లలో తయారయ్యేది రెజ్యూమె కాదు, బయోడేటా. తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, అభిరుచులు, చివర 'పై వివరాలు సత్యము' అన్న ప్రకటన. పెళ్లి సంబంధానికి సరిపోయే ఈ సమాచారంలో పని ఊసే ఉండదు. ఐటీఐ, అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసిన వెల్డరు 'కష్టపడి పనిచేసే స్వభావం' అని రాసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఏ వర్క్‌షాపులో, ఎన్ని నెలలు, వ్యాగన్‌లో ఏ భాగానికి, ఏ రకం వెల్డింగు చేశారో రెండు వాక్యాల్లో రాస్తే చదివే సూపర్‌వైజరుకు మనిషి పనితనం అర్థమవుతుంది. ట్రేడు సర్టిఫికెట్ వివరం మొదటి పేజీ పైభాగంలోనే ఉండాలి. కొత్తవారికి ఒక పేజీ చాలు.

మరింత చిక్కైనది ఖాళీ సంవత్సరాల సంగతి. పరీక్షల కోసం మూడు, నాలుగేళ్లు వెచ్చించినవారు ఆ కాలాన్ని దాచడానికి తేదీలు మారుస్తుంటారు. ధ్రువపత్రాల తనిఖీలో ఇది బయటపడితే చేతికందిన ఉద్యోగమూ పోతుంది. 'పోటీ పరీక్షల సన్నద్ధత' అని నిజమే రాయవచ్చు. ఆ రోజుల్లో ట్యూషన్లు చెప్పినా, దుకాణం లెక్కలు చూసినా అదీ అనుభవమే. రాయకపోవడమే పొరపాటు.

భాషల వరుసను చాలామంది తేలికగా తీసుకుంటారు. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, వీధిలో హిందీ మాట్లాడే యువత ఈ పట్టణంలో సాధారణం. కానీ మాట్లాడే తెలుగు వేరు, చదివే తెలుగు వేరు. కనుక మాట్లాడటం, చదవడం, రాయడం విడివిడిగా పేర్కొనడం మేలు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చేందుకు ఆమోదం తెలిపింది. గౌరవం దక్కింది సరే, దానంతట అదే కొలువులు తెచ్చిపెట్టదు. రవాణా సంస్థలకో, కాల్‌సెంటర్లకో ఈ మూడు భాషలు అవసరమని గుర్తించి దరఖాస్తు చేసుకోవలసింది అభ్యర్థే.

పెద్ద కంపెనీల్లో మొదట చదివేది చాలాసార్లు సాఫ్ట్‌వేరే. రంగుల పట్టికలు, పక్కపక్క నిలువు వరుసలు ఉంటే అది తికమకపడవచ్చు. సాదా అక్షరాలు, ప్రకటనలో వాడిన పని పేర్లు మంచివి, ఆ పని నిజంగా వచ్చి ఉంటేనే.

చిరునామా విషయంలోనూ జాగ్రత్త అవసరం. తండ్రి పదవీ విరమణ చేసిన కొద్ది నెలలకే రైల్వే క్వార్టరు ఖాళీ చేయాలి. నియామక పత్రం ఆ పాత తలుపు దగ్గరకే వెళితే అందుకునేవారుండరు. అందుకే మారని ఫోన్ నంబరు, సొంత ఈమెయిలు ముఖ్యం. 2015లో కేంద్రం ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఈ వివరాలతో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు.