కేటీఎం పగ్గాలు పుణె చేతికి: అభిమానుల కలవరం వెనుక అసలు ప్రశ్న

ఆస్ట్రియాలో, జర్మనీ సరిహద్దుకు సమీపాన ఉన్న చిన్న పట్టణం మట్టిగ్‌హోఫెన్. 1934లో హాన్స్ ట్రుంకెన్‌పోల్జ్ అక్కడ ఒక మరమ్మతు దుకాణం తెరిచారు. 1953లో ఎర్నెస్ట్ క్రోన్‌రైఫ్ భాగస్వామిగా చేరారు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలకు ఊరి పేరులోని మొదటి అక్షరం తోడై కేటీఎం అయింది. పేరులోనే ఊరిని మోస్తున్న ఆ మోటారు సైకిళ్ల సంస్థపై నియంత్రణ 2025 నవంబరు 18న పుణెకు చెందిన బజాజ్ ఆటోకు దక్కింది. మాతృసంస్థ పేరులో పియరర్ స్థానాన్ని బజాజ్ ఆక్రమించింది.

ఈ మార్పుపై ఐరోపాలోని అభిమానుల స్పందన ఒక్క తీరుగా లేదు. సంస్థ మూతపడకుండా బతికి బయటపడినందుకు ఊపిరి పీల్చుకున్నవారు ఉన్నారు. తాము ఇన్నాళ్లూ మనసు పెట్టుకున్న బండి ఇక పేరుకే ఆస్ట్రియాదని బాధపడుతున్నవారూ ఉన్నారు. భారతదేశంలో మాత్రం గర్వమే ప్రధానంగా వినిపించింది. ఒకప్పుడు స్కూటర్ కోసం ఏళ్ల తరబడి వరుసలో వేచి ఉండేలా చేసిన బజాజ్, నేడు ఐరోపాలోని అగ్రశ్రేణి మోటారు సైకిళ్ల సంస్థకు యజమాని అయిందన్న సంతోషం అది. ఆ గర్వానికీ ఈ బాధకూ కారణాలు ఉన్నాయి. అయితే యజమాని ఏ దేశస్థుడన్న అంశం చుట్టూనే చర్చ తిరుగుతుండటం వల్ల, అభిమానికి నిజంగా పట్టవలసిన ప్రశ్న మరుగున పడుతోంది.

కేటీఎంను దివాలా అంచుకు చేర్చింది విదేశీ యజమాని కాదు. 1991లో సంస్థ తొలిసారి కుప్పకూలినప్పుడు మోటారు సైకిళ్ల విభాగాన్ని చేజిక్కించుకుని నిలబెట్టిన స్టెఫాన్ పియరర్ ఆస్ట్రియా పారిశ్రామికవేత్తే. మూడు దశాబ్దాల పాటు ఆయన నాయకత్వంలో సంస్థ అసాధారణంగా ఎదిగింది. హుస్క్‌వర్నా, గ్యాస్‌గ్యాస్ పేర్లను కలుపుకొంది. ఇటలీకి చెందిన ఎంవీ అగుస్టాలోనూ మెజారిటీ వాటా తీసుకుంది. కొవిడ్ కాలంలో ద్విచక్ర వాహనాలకు ఏర్పడిన గిరాకీ అలాగే కొనసాగుతుందన్న అంచనాతో ఉత్పత్తి తగ్గించలేదు. గిరాకీ పడిపోయింది, వడ్డీ రేట్లు పెరిగాయి, గోదాముల్లోనూ డీలర్ల వద్దా రెండున్నర లక్షలకు పైగా బళ్లు పేరుకుపోయాయి. 2024 నవంబరు 29న సంస్థ దివాలా ప్రక్రియ కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

ఆ భారం మొదట పడింది కార్మికుల మీద. ఆ ఏడాది నవంబరు జీతం, క్రిస్మస్ బోనసు వారికి సకాలంలో అందలేదు. దివాలా తీసిన సంస్థల ఉద్యోగుల కోసం ఆ దేశంలో ఉన్న ప్రత్యేక నిధే వారిని ఆదుకుంది. వందల సంఖ్యలో ఉద్యోగాలు పోయాయి. డిసెంబరులో ఆగిన ఉత్పత్తి మార్చిలో మొదలై, విడిభాగాల కొరతతో ఏప్రిల్ చివర మళ్లీ ఆగి, జూలై ఆఖరుకు గానీ తిరిగి ప్రారంభం కాలేదు. తమకు రావలసిన దానిలో 30 శాతం నగదుగా అందితే మిగతా 70 శాతం వదులుకునేందుకు రుణదాతలు 2025 ఫిబ్రవరి 25న అంగీకరించారు. బ్యాంకులు అలాంటి నష్టాన్ని తట్టుకోగలవు. అదే ప్రాంతంలో కేటీఎంనే నమ్ముకుని యంత్ర భాగాలు తయారు చేసే చిన్న కర్మాగారాలకు అది సులభం కాదు.

ఆ 30 శాతం చెల్లించడానికి కూడా సంస్థ వద్ద సొమ్ము లేదు. గడువు మే నెలలో ముగియనుండగా బజాజ్ ముందుకొచ్చింది. అంతకుముందు ఇచ్చిన 20 కోట్ల యూరోలకు మరో 60 కోట్ల యూరోలు జోడించింది. మొత్తం మన కరెన్సీలో సుమారు 7,700 కోట్ల రూపాయలు. దీన్ని ఔదార్యంగా చూడనవసరం లేదు. 2007లో 14.5 శాతం వాటాతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటూ వచ్చిన పెట్టుబడి కళ్లముందే ఆవిరి కాబోతున్న తరుణం అది. పైగా పుణె సమీపంలోని చాకన్ కర్మాగారం నుంచి సాగే కేటీఎం ఎగుమతులు అప్పటికే దెబ్బతిన్నాయి. పాత పెట్టుబడిని కాపాడుకోవడానికి కొత్త పెట్టుబడి పెట్టడం వ్యాపారంలో సహజమే.

చాకన్ ప్రస్తావన వచ్చినప్పుడు, ఐరోపా అభిమానుల బాధలో ఒక చిన్న వైరుధ్యం బయటపడుతుంది. చిన్న ఇంజన్ల డ్యూక్ బళ్లు పదేళ్లకు పైగా అక్కడే తయారై ప్రపంచమంతటికీ వెళుతున్నాయి. 2012 జనవరిలో లక్షా 17 వేల 500 రూపాయల ధరకు 200 డ్యూక్ భారత విపణిలోకి వచ్చినప్పుడు, అంత తక్కువకు అంత చురుకైన బండి ఎలా సాధ్యమని యువత ఆశ్చర్యపోయింది. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో నారింజ రంగు బండి కనిపిస్తే పెద్దలు పక్కకు తప్పుకోవడం, ట్రాఫిక్ పోలీసులు ఒకసారి పరికించి చూడడం అప్పటి నుంచి మొదలైన ముచ్చటే. 2023 జనవరి నాటికి చాకన్‌లో తయారైన కేటీఎంల సంఖ్య 10 లక్షలకు చేరింది. మధ్యతరహా 790 నమూనాల ఉత్పత్తిని చైనాలోని సీఎఫ్‌మోటో సంస్థకు అప్పగించింది కూడా పియరర్ హయాంలోనే. వియన్నాలోనో మ్యూనిక్‌లోనో కుర్రవాడు మొదటిసారి కొనుక్కున్న కేటీఎం చాలా సందర్భాల్లో మహారాష్ట్ర కార్మికుల చేతుల మీదుగా వచ్చినదే.

అలాగని అభిమానుల ఆందోళనను అమాయకత్వమని కొట్టిపారేయలేం. బండి ఎక్కడ బిగించారన్నది వేరు, దాని స్వభావాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది వేరు. కేటీఎంకు ఆ పేరు తెచ్చింది పందేలు. ఎడారుల మీదుగా సాగే డకార్ ర్యాలీలో 2001 నుంచి 2019 వరకు వరుసగా 18 సార్లు ఆ సంస్థ బండే గెలిచింది. 2017లో మోటోజీపీలో పూర్తిస్థాయిలో అడుగుపెట్టి, 2020లో చెకియాలోని బ్రునో పందెంలో బ్రాడ్ బైండర్ ద్వారా తొలి విజయం సాధించింది. 2025 జనవరిలో, కర్మాగారంలో యంత్రాలు ఆగిపోయి, దివాలా విచారణ నడుస్తున్న రోజుల్లోనే, డేనియల్ శాండర్స్ కేటీఎంపై డకార్ గెలుచుకున్నారు. ఖర్చులు తగ్గించాలనుకునే ఏ గణకుడికైనా మొదట కనిపించే పద్దు ఈ పందేలదే. కానీ పందెపు విభాగంలో పనిచేసే ఇంజనీర్ల అనుభవమే ఆ తర్వాత అమ్మకపు బండిలోకి వస్తుంది. అభిమాని భయపడేది ఆ బంధం తెగిపోతుందనే.

ఈ భయానికి రాజీవ్ బజాజ్ మాటలు ఆజ్యం పోశాయి. ఐరోపాలో తయారీ రంగానికి ఇక భవిష్యత్తు లేదన్న అర్థంలో ఆయన బహిరంగంగానే మాట్లాడారు. సంస్థ నిర్వహణ ఖర్చుల్లో భారీ కోతలు తప్పవనీ చెప్పారు. లెక్కల ప్రకారం ఆ మాటల్లో బలం ఉండవచ్చు. అయితే ఏడాది కాలంగా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక గడిపిన కార్మికుల ఊరిలో ఆ మాటలు ఎలా వినిపించి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ ఒక పాత కథ గుర్తుకు తెచ్చుకోవాలి. హుస్క్‌వర్నా స్వీడన్‌లో 1903 నుంచి మోటారు సైకిళ్లు చేసిన సంస్థ. 1987లో ఇటలీకి చెందిన కాజీవా చేతికి, 2007లో బీఎండబ్ల్యూ చేతికి వెళ్లింది. 2013లో దాన్ని కొన్నది పియరర్. ఇటలీలోని కర్మాగారం మూతపడింది, ఉత్పత్తి మట్టిగ్‌హోఫెన్‌కు తరలింది. కొత్త హుస్క్‌వర్నా అంటే తెల్లరంగు వేసిన కేటీఎం మాత్రమేనని పాత అభిమానులు నిష్ఠూరమాడారు. ఇవాళ మట్టిగ్‌హోఫెన్‌ను వేధిస్తున్న భయం పన్నెండేళ్ల క్రితం ఇటలీ కార్మికులకు అనుభవంలోకి వచ్చినదే. అప్పుడు కొన్నది పొరుగు ఐరోపా సంస్థ కావడం వల్ల ఆ కర్మాగారానికి ఒరిగింది ఏమీ లేదు.

బ్రిటన్‌కు చెందిన నార్టన్ అనుభవం దీనికి భిన్నమైనది. 1898లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆ సంస్థ 2020 జనవరిలో దివాలా తీసింది. ముందుగా డబ్బు కట్టి బళ్ల కోసం ఎదురుచూస్తున్న కొనుగోలుదారులు నష్టపోయారు. ఆ ఏప్రిల్‌లో టీవీఎస్ మోటార్ కోటీ 60 లక్షల పౌండ్లకు దాన్ని కొనుగోలు చేసింది. కొత్త యాజమాన్యం మొదట చేసిన పనుల్లో ఒకటి, పాత యాజమాన్యం కాలంలో తయారైన వీ4 బళ్లలో భద్రతకు సంబంధించిన తీవ్ర లోపాలు ఉన్నాయని ప్రకటించి, వాటిని నడపవద్దని యజమానులను హెచ్చరించడం. కొనుక్కున్నవారికి అది చేదు వార్తే అయినా, నిజం చెప్పే యాజమాన్యం వచ్చిందన్న నమ్మకానికి అక్కడే బీజం పడింది. సోలిహల్‌లో కొత్త కర్మాగారం వెలిసింది. కొత్త నమూనాలు ప్రపంచం ముందుకు రావడానికి మాత్రం 2025 నవంబరులో జరిగిన మిలాన్ ప్రదర్శన దాకా ఆగవలసి వచ్చింది. అయిదేళ్లకు పైగా అమ్మకాల ఆదాయం పెద్దగా లేకుండా ఖర్చు భరించడం అందరు యజమానులకూ సాధ్యం కాదు.

అభిమానుల అలకకు మన దేశంలోనే అందరికీ తెలిసిన ఉదాహరణ రాయల్ ఎన్‌ఫీల్డ్. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టి, 1955లో మద్రాసు చేరి, పుట్టింట కర్మాగారం మూతపడిన తర్వాత కూడా ఇక్కడ బతికిన బండి అది. 1994 నాటికి ఐషర్ ఆధీనంలోకి వచ్చాక, కుడికాలి కింద ఉండే గేరు ఎడమవైపుకు మారింది. 2010 నాటికి పాత పోత ఇనుము ఇంజన్ పోయి కొత్తది వచ్చింది. బుల్లెట్ శబ్దంలో ఆ గాంభీర్యం పోయిందని పాతకాపులు ఎంతగా వాపోయారో ఏ ఊరి మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. చమురు కారని బుల్లెట్ బుల్లెట్టే కాదని వాదించినవారూ ఉన్నారు! చివరకు 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఆ సంస్థ అమ్మకాలు 10 లక్షలు దాటాయి. ఐషర్ ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో సాంకేతిక కేంద్రం నెలకొల్పి, అక్కడి ఇంజనీర్లనూ చెన్నై కర్మాగారాలనూ కలిపి పనిచేయించింది. బండి స్వభావాన్ని అర్థం చేసుకున్నవారిని నిలుపుకోవడం కోసం యజమాని ఖర్చుపెట్టిన సందర్భం అది.

బజాజ్ ఏ దారి పడుతుందో తేల్చే అంశాలు కొన్ని స్పష్టంగానే ఉన్నాయి. పెద్ద ఇంజన్ల రూపకల్పన మట్టిగ్‌హోఫెన్‌లో కొనసాగుతుందా, దానికి తగినంత మంది ఇంజనీర్లు మిగులుతారా అన్నది అన్నింటికంటే ముఖ్యం. చాకన్‌లోనే బ్రిటన్‌కు చెందిన ట్రయంఫ్ సంస్థ కోసం కూడా బజాజ్ 2023 నుంచి 400 సీసీ బళ్లు తయారు చేస్తోంది. ఒకే యాజమాన్యం కింద తయారవుతున్న ఈ బళ్లు ఒకే కొనుగోలుదారు కోసం పోటీపడే పరిస్థితిని ఎలా సర్దుతారన్నది భారతీయ అభిమానికి దగ్గరి ప్రశ్న.

వీటికి సమాధానాలు రావడానికి సమయం పడుతుంది. కానీ ఇప్పటికే బండి కొని నడుపుతున్నవారికి అంత వ్యవధి లేదు. వారికి కావలసింది సర్వీసు కేంద్రంలో బండి అప్పగించినప్పుడు, విడిభాగం ఎప్పుడు వస్తుందన్న ప్రశ్నకు డీలరు చెప్పే తేదీ. ఉత్పత్తి రెండు విడతలు ఆగిన 2025లో డీలర్లు సైతం ఆ తేదీ కోసమే మట్టిగ్‌హోఫెన్ వైపు చూశారు. ఇకపై ఆ ప్రశ్నకు పుణె కూడా జవాబుదారీ.