9బి సీటులో నాలుగేళ్ల పిల్ల

పోయిన సెమిస్టర్‌లో మన హాస్టల్ గ్రూపులో ఒక రీల్ తిరిగింది, గుర్తుందా? విమానంలో ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే వెనక సీటాయన చెవుల్లో దూది కుక్కుకొని అందరికీ దండం పెడుతుంటాడు. దాని కింద ఎవరో "పిల్లలకు లగేజీలో టికెట్ ఇవ్వాలి" అని రాశారు. దానికి నవ్వే ఎమోజీ పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పటికి నేను విమానం ఎక్కి ఎరగను. మాది వీపనగండ్ల. ఎండాకాలం రాత్రులు మిద్దె మీద పడుకొని పైన పోయే విమానాల దీపాలు లెక్కపెట్టడమే నాకున్న విమానయాన అనుభవం.

సంక్రాంతి సెలవులు అయిపోయినంక మొదటిసారి ఎక్కాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా అక్క ఉండేది పుణెలో. బావ అక్కడ బిల్డింగుల పనిలో సైట్ సూపర్‌వైజర్. పండక్కి అక్కను, పిల్లలను వదిలిపెట్టి ఆయన ముందే వెళ్లిపోయాడు, మళ్లీ సెలవు దొరకలేదు. పెద్దది నాలుగేళ్ల మేనకోడలు, చిన్నోడికి తొమ్మిది నెలలు. "ఇద్దరు పిల్లలతోని ఒక్కతే ఎట్ల పోతది, నువ్వు పోయి దించిరా" అంది అమ్మ. అక్క, కోడలు పిల్ల, ఒళ్లో పిల్లాడు అంతా కలిపి ఒకే పీఎన్ఆర్ మీద బావ బుక్ చేశాడు. నాది వారం తర్వాత విడిగా తీసుకున్నాము. ఈ పీఎన్ఆర్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ముందురోజు రాత్రి వెబ్ చెక్‌ఇన్ బాధ్యత నాదే. ఇంట్లో కంప్యూటర్ చదివేది నేనే కదా. సీట్లు వచ్చాయి చూడండి: అక్కకు 24ఇ, నాకు 17ఇ, నాలుగేళ్ల పిల్లకు 9బి. ముగ్గురికీ మధ్య సీట్లే, ముగ్గురం మూడు దిక్కుల. పక్కపక్కన కావాలంటే రంగురంగుల సీట్లు కనిపిస్తున్నాయి గానీ ప్రతిదాని మీదా ఒక రేటు. మూడింటికీ కలిపితే వెయ్యి దాటింది. మా నాయన ఫోను వంక చూసి, "టికెట్ కొన్నంక మళ్ల కూసునేటందుకు పైసలేందిరా? లేకుంటె నిలవడి పోతరా?" అన్నాడు. అక్కేమో, "వద్దులే తమ్మీ, చిన్న పిల్లను చూసి వాళ్లే మారుస్తరు" అంది. నేను కూడా అంతే అనుకున్నాను. నాలుగేళ్ల పిల్లను ఒంటరిగా ఎవరు కూర్చోబెడతారు?

రాత్రి ఒంటిగంటకు కారు ఎక్కాము. పెబ్బేరు దగ్గర నలభై నాలుగో నంబరు హైవే ఎక్కి, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ చేరేసరికి పిల్లలిద్దరూ నిద్రలో ఉన్నారు. కౌంటర్ దగ్గర చేతిసంచి తూకం ఏడు కిలోలు దాటింది. అమ్మ పెట్టిన పల్లీలు, అప్పాలు తీసి పెద్ద బ్యాగులో సర్దేదాకా వెనక లైన్ మొత్తం మమ్మల్నే చూసింది. అది మా తప్పే, ఒప్పుకుంటాను. సీట్ల సంగతి అడిగితే అక్కడి అమ్మాయి "గేట్ దగ్గర చెప్పండి సర్" అంది. గేట్ దగ్గరి అబ్బాయి "లోపల క్రూ చూస్తారు" అన్నాడు. లోపల క్రూ అమ్మాయి పాపం పక్కవాళ్లను బతిమాలడం మొదలుపెట్టింది.

ఇక్కడ లెక్క చాలా సులభం, ఎవరూ ఒప్పుకోకపోవడమే కష్టం. 9బి పక్కన ఉన్నవాళ్లలో ఒకరు వెనక్కి పోయి 24ఇలో కూర్చోవాలి, లేదా 24ఇ పక్కన ఉన్నవాళ్లలో ఒకరు ముందుకు వచ్చి 9బిలో కూర్చోవాలి. ఎటు చూసినా మధ్య సీటు. 9సి ఆయన ల్యాప్‌టాప్ మూయకుండానే "నేను ఈ సీటుకు ఎక్స్‌ట్రా కట్టాను" అన్నాడు. కిటికీ పక్కనాయన నిద్ర నటించాడు. చివరికి అక్క పక్కన 24డిలో ఉన్న ఒక పెద్దామె మరాఠీలో ఏదో గొణుక్కుంటూ లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకొని ముందుకు నడిచింది. ఈ తతంగం అయ్యేసరికి పది నిమిషాలు. అంతసేపూ మా కోడలు 9బిలో రెండు చేతుల పిడికిళ్లు బిగించి కూర్చుంది, ఏడవలేదు. తర్వాత పుణెలో అడిగితే చెప్పింది: "ఏడిస్తె నన్ను ఒక్కదాన్నే కిందికి దించేస్తరు గద మామా."

నాకు ఆ 9సి ఆయన మీద చాలా రోజులు కోపం ఉండింది. ఇప్పుడు లేదు. ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. ఆయన డబ్బు కట్టి కొనుక్కున్న సీటు అది. మా అక్క కట్టలేదు. కంపెనీ ఆయనకు ఒక సీటు అమ్మింది, మాకు ఒక ఇబ్బంది ఉచితంగా ఇచ్చింది, ఆ రెండింటి మధ్య పంచాయతీ మాత్రం ప్రయాణికులకే వదిలేసింది. ఆయన మా దృష్టిలో రాయిగుండె మనిషయ్యాడు, మేము ఆయన దృష్టిలో పైసలు మిగుల్చుకొని జాలి వాడుకునే మనుషులమయ్యాము. ఈ తగువు పెట్టినవాళ్లు ఆ విమానంలోనే లేరు.

పుణెలో ఆ రాత్రి నిద్రపట్టక వెతికితే తెలిసింది. డీజీసీఏ, అంటే మన దేశ పౌరవిమానయాన నియంత్రణ సంస్థ, 2024 ఏప్రిల్‌లోనే విమాన సంస్థలకు ఆదేశం ఇచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, ఒకే పీఎన్ఆర్ మీద ప్రయాణిస్తున్న తల్లిదండ్రులలో లేదా పెద్దలలో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలి, దానికి రికార్డు కూడా ఉంచాలి. నచ్చిన సీటుకు డబ్బు తీసుకోవచ్చని కూడా అదే సంస్థ అనుమతించింది, అయితే అది కోరుకున్నవాళ్లకు మాత్రమే. మా అక్కదీ కోడలిదీ ఒకే పీఎన్ఆర్. అంటే మేము ఎవరినీ బతిమాలాల్సిన పనే లేదు. కౌంటర్ దగ్గర ఆ ఒక్క ముక్క చెప్పగలిగి ఉంటే సరిపోయేది. రూల్ ఉన్న సంగతి మాకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పలేదు. ఇలాంటి గొడవ మన దగ్గరే అనుకోకండి. అదే 2024లో అమెరికా రవాణా శాఖ కూడా పిల్లల పక్కన సీటుకు డబ్బు తీసుకోవద్దంటూ ఒక నిబంధన ప్రతిపాదించాల్సి వచ్చింది.

ఇక మన బ్రాంచి వాళ్లకు ఒక ప్రశ్న. ఇది చేయడం కష్టమా? టికెట్ బుక్ చేసేటప్పుడే పెద్దలెందరు, పిల్లలెందరు, ఒడిలో పిల్లలెందరు అని అడుగుతారు. అంటే డేటాబేస్‌లో ఆ కాలమ్ ఉంది. పిల్లలున్న పీఎన్ఆర్‌లను ముందు తీసి, పక్కపక్క సీట్లలో పెట్టి, మిగిలినవాళ్లను తర్వాత పంచమంటే మన డీబీఎంఎస్ ల్యాబ్‌లో సెకండియర్ వాళ్లు కూడా సాయంత్రంలోపు రాసేస్తారు. నూట ఎనభై చిల్లర సీట్లు, అంతే. కంప్యూటర్‌కు చేతకాక కాదు. తల్లిని పిల్లను విడదీసి చూపిస్తే తల్లి భయపడి డబ్బు కడుతుందన్న సంగతి ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు. కానీ రేపు క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ఇలాంటి కోడ్ రాసే ఉద్యోగం మనలోనే ఎవరికో వస్తుంది. ఆ 'ర్యాండమ్' ఫంక్షన్‌కు ముందు ఒక ఇఫ్ రాయాలా వద్దా అని మీటింగులో అడిగేది మనమే కావచ్చు.

ఇంకోటి. విమానం కదిలే ముందు చూపిస్తారు కదా, ఆక్సిజన్ మాస్క్ ముందు మీరు పెట్టుకొని తర్వాత పక్కనున్న పిల్లలకు పెట్టండి అని. పిల్ల పదిహేను వరుసల ముందు ఉంటే తల్లి ఎట్లా పెట్టాలి? 9సి ఆయన పెట్టాలా?

ఏడుపు సంగతి కూడా చెప్పాలి, రీల్ దాని మీదే కదా. చిన్నోడు పైకి పోయేటప్పుడు బాగానే ఉన్నాడు, దిగేటప్పుడు చెవులు చిల్లులు పడేలా ఏడ్చాడు. ముందు వరుసలో ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. విషయం ఇది: విమానం లోపలి గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, దాదాపు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది. దిగేటప్పుడు అది మళ్లీ పెరుగుతుంది. చెవి లోపలికీ గొంతుకూ మధ్య ఒక సన్నని గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ నాళం అంటారు. మనం గుటక వేస్తే, ఆవలిస్తే అది తెరుచుకొని ఒత్తిడి సమానమవుతుంది. పసిపిల్లల్లో అది ఇంకా సన్నగా, అడ్డంగా ఉంటుంది, తొందరగా తెరుచుకోదు. వాళ్లకు కావాలని గుటక వేయడమూ తెలియదు. అందుకే దిగేటప్పుడు పాలు పట్టమంటారు. అక్కకు ఆ సంగతి తెలుసు. కానీ అటూ ఇటూ కొత్తవాళ్ల మోచేతుల మధ్య, మధ్య సీటులో కూర్చొని పాలివ్వడానికి మొహమాటపడింది. పెద్దామె లేచి వెళ్లినంక పిల్ల ఇటు వచ్చింది గానీ కిటికీ వైపు ఒక కుర్రాడు అలాగే ఉన్నాడు. చివరికి నేను నా సీట్లోంచి కండువా పంపిస్తే కప్పుకుంది. అప్పటికే పిల్లాడి మొహం ఎర్రబడిపోయింది.

ఆ ఏడుపుకు కంపెనీలు కనిపెట్టిన మందు ఏమిటో తెలుసా? ఎయిర్ ఏషియా ఎక్స్ 2013లో, మన ఇండిగో 2016లో 'క్వైట్ జోన్' వరుసలు తెచ్చాయి, పన్నెండేళ్ల లోపు పిల్లలకు అప్పుడు అక్కడ చోటివ్వలేదు. మన రైల్వే వాళ్లు 2022లో లక్నో మెయిల్‌లో తల్లి బెర్తుకు ఆనించి మడతపెట్టే బేబీ బెర్తును ప్రయోగంగా బిగించి చూశారు. ఒకరు పిల్లలను ఎక్కడ పెట్టకూడదో ఆలోచించారు, ఇంకొకరు ఎక్కడ పెట్టాలో ఆలోచించారు. రైల్వేను పొగడటం నాకేమీ సరదా కాదు, వెయిటింగ్ లిస్టులో రాత్రంతా తలుపు దగ్గర కూర్చున్నవాణ్ణి.

బడ్జెట్ విమానాలే వద్దని అనడం లేదు. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ పెట్టకపోయి ఉంటే, తర్వాత ఇంతమంది అదే దారిలో రాకపోయి ఉంటే మా అక్క విమానం ఎక్కేదే కాదు. 'ఆకాశం నీ హద్దురా' చూసి ఏడ్చినవాళ్లం మనం. మా తాత తరం కూడా పుణెకే పోయింది, పాలమూరు లేబర్‌గా. రాయచూరు దాకా బస్సు, అక్కడి నుంచి షోలాపూర్ మీదుగా జనరల్ బోగీ. రెండు సీట్ల మధ్య చీర కట్టి తొట్టెల చేసి అందులో మా అమ్మను పడుకోబెట్టేవారట. ఆమె ఏడిస్తే ఎవరో ఒకరు ఊపేవాళ్లట. ఆ బోగీలో కాలు పెట్టే సందు ఉండేది కాదనీ, ఒకసారి జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకొని షోలాపూర్ దాకా నిలబడే పోయిందనీ కూడా మా అవ్వే చెప్పింది. కాబట్టి ఆ రోజులే బాగుండె అనను. చవకగా విమానం ఉండాలి. చవక చేసేందుకు ఏం తీసేయవచ్చు, ఏం తీసేయకూడదు అన్నదే నా పేచీ. భోజనం తీసేయండి, మేము సద్ది కట్టుకొస్తాం. కుర్చీ వెనక్కి వాలకపోయినా ఫర్వాలేదు. పిల్ల పక్కన తల్లి అనేది భోజనం లాంటిది కాదు.

ధర సంగతి మాట్లాడినప్పుడు 1989 నాటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడు జూలై 19న అమెరికాలో సూ సిటీ దగ్గర యునైటెడ్ 232 విమానం కూలింది. అందులో నలుగురు ఒడి పిల్లలు ఉన్నారు. అప్పటి పద్ధతి ప్రకారం ఆ పిల్లలను కాళ్ల దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమని క్రూలో పెద్దామె జాన్ బ్రౌన్ తల్లిదండ్రులకు చెప్పింది. ఒక పిల్లాడు చనిపోయాడు. ఆమె ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పసిపిల్లలకూ విడి సీటు, బెల్టు తప్పనిసరి చేయాలని పోరాడింది. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2005లో కుదరదంది. కారణం వినండి: పసిపిల్లకు కూడా టికెట్ కొనాలంటే కుటుంబాలు విమానం మానేసి కార్లలో పోతాయి, రోడ్డు మీద అంతకంటే ఎక్కువ మంది పిల్లలు చనిపోతారు. మొదట చదివినప్పుడు ఇది సాకు అనిపించింది. నలభై నాలుగో నంబరు హైవే పక్కన పెరిగినవాణ్ణి, ఆలోచిస్తే కాదనలేకపోయాను. పిల్లలున్న తల్లికి విమానాన్ని ప్రియమైనా చేయవచ్చు, అవమానమైనా చేయవచ్చు. రెండిట్లో ఏది చేసినా ఆమె దిగేది రోడ్డు మీదికే.

అక్క ఎండాకాలం మళ్లీ వస్తుంది. డీజీసీఏ ఆదేశం స్క్రీన్‌షాట్ తీసి పంపాను, కౌంటర్ దగ్గర ఏం చెప్పాలో వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. చూసింది, రెండు నీలం టిక్కులు పడ్డాయి. సాయంత్రం ఫోన్ చేసి, "ఇవన్నీ ఎవరితోని కొట్లాడాలె తమ్మీ, బస్సుకే వస్త. రాత్రంత పండుకుంటె తెల్లారి ఎంజీబీఎస్, ఆడికెల్లి పెబ్బేరు బస్సు" అంది. పక్కనుంచి అమ్మ ఫోన్ గుంజుకొని, తిరిగి పోయేటప్పుడు కూడా బస్సే అయితే పల్లీలు ఎన్ని కిలోలు పెట్టొచ్చని అడుగుతున్నది.